ఒక్కో వంపుకు ఒక్కో చిత్రిక



చిత్రిక అనగానే మనకు గుర్తొచ్చేది ఒకటే పనిముట్టు. రంపం కోసి వదిలిన గరుకు చెక్కను నున్నగా చేసేది. తెలంగాణ వైపు చాలామంది రందా అంటారు. దాని అడుగు చదునుగా ఉంటుంది, బ్లేడు అంచు తిన్నగా ఉంటుంది, తోసేకొద్దీ చెక్క కూడా ఆ దారికే వస్తుంది. ఇవాళ నేను చెప్పబోయేది చదును చేయడం చేతకాని చిత్రికల గురించి. వాటి అడుగు పుట్టుకతోనే వంకర. ఒకదానికి ఉబ్బు, ఒకదానికి గుంట, ఇంకోదానికి ఉబ్బూ గుంటా కలిసిన మెలిక. ఆ వంకరే వాటి విద్య.

ఇంగ్లండులో, అమెరికాలో 18, 19 శతాబ్దాల వడ్రంగి పెట్టె తెరిస్తే ఇవే వరుసగా కనిపించేవి. ఆ కాలపు ఇల్లు ఏదైనా చూడండి. గుమ్మం చట్రం చుట్టూ, తలుపు పలకల చుట్టూ, కిటికీ అద్దాలను పట్టి ఉంచే సన్నని కమ్ముల మీద, గోడ వెళ్ళి పైకప్పును తాకే చోట, చెక్క అంచు ఎక్కడా మొండిగా ఆగదు. చిన్న మెట్టు దిగి, ఒక వంపు తిరిగి, సన్నని గాడి ఒకటి దాటి, అప్పుడు గోడలో కలుస్తుంది. ఆ వంపుల వరుసనే మోల్డింగ్ అంటారు. మన వడ్రంగుల మాటలో బీడింగ్. దీనికి షోకుతోపాటు ఒక పని కూడా ఉంది. ఎంత బాగా అతికినా, తేమకు ఉబ్బి వేడికి కుంచించుకునే చెక్కల మధ్య ఎప్పుడో ఒకప్పుడు సందు పడుతుంది. ఆ సందు మోల్డింగ్ నీడలో దాక్కుంటుంది. ఇక అందం అంటారా, అదీ నీడ చలవే. ఉబ్బు మీద వెలుగు పడుతుంది, గుంటలో చీకటి నిలుస్తుంది, రెంటి నడుమ వెలుతురు మెల్లగా మసకబారుతుంది. తెల్లరంగు పూసిన మామూలు పైన్ తలుపు, పూలూ లతలూ చెక్కకపోయినా, మన చూపును అక్కడే నిలబెట్టేది అందుకే.

ఆ మోల్డింగ్‌ను తీసే పనిముట్టు దగ్గరకు వద్దాం. 18వ శతాబ్దం గడిచేకొద్దీ ఇంగ్లండులో దీని పొడవు తొమ్మిదిన్నర అంగుళాలకు స్థిరపడింది. అంతకుముందువి పది, పదిన్నర అంగుళాలు కూడా ఉండేవి. అందుకే పాత సామాన్లు కూడబెట్టేవాళ్ళు చిత్రిక చేతికి రాగానే ముందు పొడవు కొలుస్తారు. చాలావాటికి పిడి ఉండదు. చిత్రిక ఒళ్ళే పిడి. కొయ్య సాధారణంగా బీచ్. దుంగను నడి నుంచి బెరడు వైపు చీల్చి, ఏళ్ళ తరబడి ఆరబెట్టి, అప్పుడు పని మొదలుపెట్టేవారు. అలా చీల్చిన దిమ్మె ఎండినా తేమ తగిలినా తక్కువ మెలి తిరుగుతుంది. పైనుంచి కిందికి ఏటవాలుగా ఒక తొర్ర, అందులో బ్లేడు, ఆ బ్లేడును బిగబట్టే కొయ్య చీల. అంతే సరంజామా. ఒక్క మర కూడా లేదు. బ్లేడు ఇంకాస్త దిగాలంటే దాని తల మీద చిన్న సుత్తితో తట్టాలి. వెనక్కి రావాలంటే చిత్రిక మడమ మీద కొట్టాలి. కోసిన పొర పైకి రాదు, పక్కనున్న సందులోంచి చుట్టలు చుట్టుకుంటూ బయటపడుతుంది.

అడుగులో ఒక పక్క అంచు కిందికి దిగి ఉంటుంది. అది చెక్క పక్కను ఒరుసుకుంటూ నడుస్తుంది కాబట్టి చిత్రిక దారి తప్పదు. రెండో పక్క చిన్న మెట్టు. వంపు పూర్తి లోతుకు రాగానే ఆ మెట్టు చెక్క మీద ఆనుతుంది. ఆ తర్వాత ఎంత తోసినా బ్లేడుకు చెక్క అందదు. అంటే ఎక్కడ కోయాలో, ఎంతవరకు కోయాలో, ఎప్పుడు ఆపాలో, మూడూ దాని అడుగులోనే రాసి ఉన్నాయి.

వాడే తీరు మామూలు చిత్రికకు తలకిందులు. మామూలుగా మనం చెక్క మొదట్లో పెట్టి చివరిదాకా తోస్తాం. దీన్ని చెక్క అవతలి కొసన పెట్టి, ముందు ఓ జానెడు మేర తోస్తారు. తర్వాత కొంచెం వెనక్కి జరిగి, అక్కడి నుంచి మళ్ళీ చివరిదాకా. ఇలా ఒక్కో అడుగూ వెనక్కి వస్తూ పోతే ముందు కోసిన గాడి వెనక కోతకు దారి చూపుతుంది. ఇంగ్లిషు, అమెరికన్ చిత్రికల్లో మరో తమాషా ఉంది. చాలావాటిని నిటారుగా పట్టుకోకూడదు, ఒక పక్కకు వాల్చి పట్టుకోవాలి. ఎంత వాల్చాలో చెప్పడానికి చిత్రిక ముందు మొహం మీద రెండు సన్నని గీతలు గీసి ఉంటాయి. ఒక గీత చెక్క పైభాగానికి సమాంతరంగా, రెండోది చెక్క పక్కకు సమాంతరంగా వస్తే వాలు సరిపోయినట్టు. అలా వాల్చడం వల్ల చేతి బరువు చిత్రికను చెక్క మూలకు అదిమి ఉంచుతుంది. వంపు అంతటా పొర మందం కూడా దాదాపు ఒకే తీరుగా వస్తుంది. ఐరోపాలో మిగతా చోట్ల ఎక్కువగా నిటారువే వాడేవారు.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. పాత చేతి పనిముట్లను తలచుకోగానే మనం కళాకారుడి స్వేచ్ఛ గురించి మాట్లాడతాం. యంత్రం వచ్చి ఆ స్వేచ్ఛను మింగేసిందని బాధపడతాం. ఈ చిత్రికను చేతిలోకి తీసుకుంటే ఆ మాట నిలవదు. వాడేవాడికి ఇది ఏ స్వేచ్ఛా ఇవ్వదు. వంపు మార్చడానికి లేదు, లోతు మార్చడానికి లేదు. పని నేర్చుకుంటున్న కుర్రాడు తోసినా, నలభై ఏళ్ళు తలపండిన మేస్త్రీ తోసినా దాదాపు అదే వంపు వస్తుంది. అడుగుల కొద్దీ, ఇంటి తర్వాత ఇంటికి, ఒకే తీరు. ఆవిరి యంత్రం రాకముందే వడ్రంగి బల్ల మీదికి వచ్చిన యంత్రం ఇది. నైపుణ్యం ఎక్కడికీ పోలేదు, వాడేవాడి చేతి నుంచి చేసేవాడి చేతికి మారింది.

ఆ చేసేవాడి పని చూస్తే తెలుస్తుంది ఎంత నైపుణ్యం మారిందో. అడుగులో వంపు తీయడానికి వాళ్ళ దగ్గర తల్లి చిత్రికలు ఉండేవి. కావలసిన వంపుకు అచ్చంగా ఎదురు వంపు ఉన్నవి. వాటితో కొత్త చిత్రిక అడుగు తోసేవారు. త్వరగా అరిగిపోయే సన్నని మూలల్లో బీచ్ కొయ్య ఆగదు. అక్కడ గాడి తీసి, బాక్స్‌వుడ్ అనే గట్టి పసుపు కొయ్యను బద్దలుగా కోసి, పోగులు ఏటవాలుగా వచ్చేలా బిగించేవారు. పాత చిత్రికను బోర్లా తిప్పి చూస్తే గోధుమరంగు అడుగులో ఆ లేత పసుపు చార కనిపిస్తుంది. బ్లేడు ఏటవాలు కూడా చెక్కను బట్టి మారేది. మెత్తటి చెక్కకు 45 డిగ్రీలు, కొంచెం గట్టిదానికి 50, మహాగని లాంటి మొండి పోగుల చెక్కకు 55, 60. బ్లేడు ఎంత నిటారుగా నిలబడితే పోగులు పెచ్చులు లేచే బెడద అంత తగ్గుతుంది, తోసేవాడి భుజానికి శ్రమ అంత పెరుగుతుంది. ఇక బ్లేడు మీద వంపు. అడుగు వంపును ఉన్నదున్నట్టు బ్లేడు మీద గీస్తే సరిపోదు. బ్లేడు వాలి ఉంది కదా, అందుకని దాని మీది వంపు అడుగు వంపుకన్నా సాగి ఉండాలి. ఈ లెక్క కాగితం మీద వేసుకున్నవాళ్ళు ఎందరో నాకు అనుమానమే. బ్లేడును తొర్రలో పెట్టి, అడుగు వైపు నుంచి చూస్తూ, గీత గీసి, ఆకురాయితో రుద్ది సరిచేసుకునేవారు.

లండన్‌లో ఇది విడి వృత్తిగా నిలదొక్కుకున్నది 17వ శతాబ్దం చివర్లో. అంతకుముందు చాలావరకు వడ్రంగులే తమ చిత్రికలు తామే చేసుకునేవారు. థామస్ గ్రాన్‌ఫర్డ్ అనే ఆయన పేరు తొలి తరం తయారీదారుల్లో వినిపిస్తుంది. ఆయన దగ్గర పని నేర్చుకున్న రాబర్ట్ వుడింగ్, వుడింగ్ దగ్గర నేర్చుకున్న మరికొందరు, ఇలా గురుశిష్య పరంపర సాగింది. ప్రతివాడూ తన పేరు ఇనుప ముద్రతో చిత్రిక ముందు మొహం మీద కొట్టేవాడు. ఆ ముద్రల్ని పట్టుకుని, అప్రెంటిస్ రికార్డులు తిరగేసి, డబ్ల్యూ. ఎల్. గుడ్‌మన్ అనే ఆయన 1968లో బ్రిటిష్ చిత్రికల తయారీదారుల మీద ఒక పుస్తకమే తెచ్చాడు. నోరులేని కొయ్య దిమ్మెకు పుట్టిన ఊరు, కాలం చెప్పగలగడం ఆయన పుణ్యమే.

ఆనాటి చిత్రికలు కొత్తగా ఉన్నప్పుడు ఎలా ఉండేవో చూడాలంటే ఇంగ్లండులో రోచెస్టర్ ఊరి గిల్డ్‌హాల్ మ్యూజియానికి వెళ్ళాలి. 1796 డిసెంబరులో చాథమ్‌కు చెందిన బెంజమిన్ సీటన్ అనే యువకుడికి తండ్రి ఒక సెట్టు పనిముట్లు కొనిపెట్టాడు. చిత్రికలు అమ్మింది లండన్‌లోని క్రిస్టఫర్ గాబ్రియెల్ దుకాణం. బెంజమిన్ 1797లో వాటికోసం చక్కని పెట్టె చేసి, ఏయే పనిముట్టు ఎంతకు కొన్నారో జాబితా కూడా రాసి పెట్టాడు. ఆ తర్వాత వాటిని పెద్దగా వాడినట్టు లేదు. పనిమంతుడైన కొడుకు దొరకలేదని తండ్రి విసుక్కున్నాడో ఏమో గాని, మనకు మాత్రం అది వరమైంది. అరగని, విరగని, పద్దుతో సహా మిగిలిన పెట్టె అది.

అమెరికా వైపు కథ వేరు. మసాచుసెట్స్‌లో రెంథమ్ అనే ఊరు. అక్కడ ఫ్రాన్సిస్ నికల్సన్ అనే ఆయన 18వ శతాబ్దం మొదటి భాగంలో చిత్రికలు చేసేవాడు. అమెరికాలో దాఖలాలు దొరికినంతలో తొలి తయారీదారు ఆయనే. బీచ్‌తోపాటు అక్కడ దొరికే పసుపు బర్చ్ కొయ్య వాడేవాడు. ఆయన దగ్గర సీజర్ చెలర్ అనే మనిషి పనిచేసేవాడు. పనిచేసేవాడు అంటే జీతానికి కాదు, బానిసగా. బ్లేడు తొర్ర కోయడం, చీల దిద్దడం, అడుగు తీర్చడం, వీటిలో ఎన్ని ఆయన చేతి మీదుగా జరిగినా ముద్ర మాత్రం యజమానిది. 1753లో నికల్సన్ చనిపోయాడు. వీలునామాలో చెలర్‌కు స్వేచ్ఛ ఇచ్చాడు. దానితోపాటు పని బల్ల, పనిముట్లు, కొయ్య కొట్టుకునే హక్కు, పది ఎకరాల నేల. నికల్సన్‌కు కొడుకున్నాడు, అతనూ చిత్రికలే చేసేవాడు. అయినా చెలర్ వాటా చెలర్‌కు దక్కింది.

ఆ తర్వాత చెలర్ చేసిన చిత్రికల మొహాన కొత్త ముద్ర కనిపిస్తుంది. తన పేరు, దాని కింద రెంథమ్‌లో నివాసం అని. నికల్సన్ ముద్రలో ఉన్న వరుస అదే, ఊరు అదే, పేరు మారింది. 1784లో చనిపోయేదాకా దాదాపు ముప్పై ఏళ్ళు ఆయన స్వతంత్రంగా ఈ పని చేశాడు. నల్లజాతి అమెరికన్లలో పేరు తెలిసిన తొలి చిత్రికల తయారీదారు ఆయన. చిత్రికలు చూసి చూసి కళ్ళు పండినవాళ్ళకు నికల్సన్ ముద్ర ఉన్న వాటిలో కూడా చెలర్ చెయ్యి ఎక్కడో తగిలినట్టే ఉంటుంది. ఇవాళ ఆయన ముద్ర ఉన్న చిత్రికల కోసం సేకరించేవాళ్ళు పోటీపడతారు, మ్యూజియాలు అద్దాల పెట్టెల్లో పెడతాయి. మనిషికే వెల కట్టి కొన్న ఊళ్ళో ఆ మనిషి చేసిన వస్తువుకు ఇంత వెల!

ముద్ర లేనివాళ్ళూ ఉన్నారు. 19వ శతాబ్దంలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్ జైలులో ఖైదీల చేత చిత్రికలు చేయించే కాంట్రాక్టులు నడిచాయి. వాటి మీద కంపెనీల పేర్లున్నాయి, చేసిన చేతుల పేర్లు లేవు. బయట సొంత దుకాణాలు నడిపేవాళ్ళకు ఆ చవక సరుకుతో పోటీపడక తప్పలేదు.

సరే, ఒక్కో వంపుకు ఒక్కో చిత్రిక అంటే వడ్రంగి ఎన్ని కొనాలి? ఫ్యాషన్ మారితే? మారింది కూడా. 18వ శతాబ్దపు వంపులు రోమన్ పద్ధతివి, కాంపస్‌తో గీసిన వృత్తంలో ముక్కలు. స్టువర్ట్, రెవెట్ అనే ఇద్దరు ఏథెన్స్ కట్టడాలను కొలిచి 1762లో తొలి సంపుటం అచ్చువేశాక, గ్రీకు పద్ధతి మెల్లగా పాకింది. అవి వృత్తాలకు లొంగవు. ఒక కొసన చదునుగా మొదలై రెండో కొసన బిర్రుగా తిరిగే వంపులు అవి. 19వ శతాబ్దం మొదటి దశాబ్దాలకల్లా అమెరికాలో కూడా ఇళ్ళన్నీ గ్రీకు మోజులో పడ్డాయి. రోమన్ చిత్రికలు నిండిన పెట్టె ఉన్న వడ్రంగి మళ్ళీ కొత్తవి కొనుక్కోవాలి. ఇప్పుడు పాత సామాన్ల కొట్లలో అస్సలు అరగని రోమన్ చిత్రికలు దొరికితే, కొయ్య గట్టిదనం ఒక్కటే కారణం కాకపోవచ్చు.

దీనికి విరుగుడు అప్పటికే ఉంది. అడుగు గుంటగా ఉన్నది ఒకటి, సరిగ్గా దానికి సరిపోయే ఉబ్బు ఉన్నది ఒకటి, రెండూ ఒక జత. చిన్న వంపు నుంచి పెద్ద వంపు దాకా 1 నుంచి 18 అంకెలు వేసిన 18 జతలు, అంటే 36 చిత్రికలు, నిండు సెట్టు. సరి అంకెలు మాత్రం తీసుకుంటే 9 జతలు, 18 చిత్రికలు, సగం సెట్టు. వీటికి పక్క అంచు లేదు, ఆపే మెట్టు లేదు. వంపు కూడా వృత్తంలో ఆరో వంతు మాత్రమే. కాని వీటితో దాదాపు ఏ మోల్డింగైనా తీయవచ్చు. ముందు చెక్క కొస మీద కావలసిన ఆకారం గీసుకోవాలి. గాడి చిత్రికతో చిన్న చిన్న మెట్లు కోయాలి. లోతు వంపు కావాలంటే ఉబ్బు చిత్రికను గాడి రెండు మూలల మీద ఆనించి నడపాలి. ఉబ్బు కావాలంటే మూలల్ని నరికి వాటి మీద గుంట చిత్రిక నడపాలి. మూల ఎక్కడుంటే చిత్రిక అక్కడ కూర్చుంటుంది. కాబట్టి మెట్లు కోయడంలోనే పనంతా ఉంది. తోయడం చివర్లో కొద్ది నిమిషాల ముచ్చట. ఇందాక యంత్రం అన్నానే, ఆ మాట వీటికి వర్తించదు. ఇక్కడ స్వేచ్ఛ ఉంది, దాని వెంట పొరపాటుకు చోటూ ఉంది.

పైకప్పు అంచున పెట్టే పెద్ద కార్నిస్ మోల్డింగ్ సంగతి ఇంకో తీరు. నాలుగైదు అంగుళాల వెడల్పు వంపును ఒకే చిత్రికతో తీయాలంటే ఒక్కడి బలం చాలదు. దాని ముందు భాగంలో తాడు కట్టడానికి రంధ్రమో, అడ్డ కర్రో ఉండేది. వెనక మేస్త్రీ తోస్తుంటే ముందు కుర్రాడు లాగాలి. పని నేర్చుకోవడానికి చేరిన కుర్రాడికి తొలి పాఠం అదేనేమో!

19వ శతాబ్దం నడిమికి ఆవిరితో నడిచే మోల్డింగ్ యంత్రాలు మిల్లుల్లోకి వచ్చాయి. అడుగుల లెక్కన తయారైన మోల్డింగ్ చవకగా దొరకసాగింది. చేతి చిత్రిక మరమ్మతులకు, చిన్న పనులకు మిగిలింది. అప్పుడు కూడా కొయ్య చిత్రికను పక్కకు నెట్టే ప్రయత్నం ఇంకొకటి జరిగింది. అమెరికాలో స్టాన్లీ కంపెనీ 1880ల్లో 45 నంబరు ఇనుప చిత్రిక, 1897లో 55 నంబరు తెచ్చింది. జంతికల గిద్దెలో బిళ్ళ మార్చినట్టు, ఒకే చట్రంలో బ్లేడు మార్చుకోవడం. 55కు యాభైకి పైగా బ్లేడ్లు. చూడడానికి ముచ్చటైన వస్తువు, మెరిసే నికెల్ పూత, లెక్కలేనన్ని మరలు. కాని దాని అడుగు సన్నని ఇనుప పట్టీలు మాత్రమే. వంపు అంతటా చెక్కను అదిమిపట్టే అడుగు లేదు. దాంతో కొంచెం మొండి చెక్క తగిలితే పోగులు చిరిగి లేస్తాయి. సర్దుబాట్లకే సగం పూట పోతుంది. కొయ్య చిత్రిక చెక్కను బ్లేడుకు ముందూ వెనకా అదే వంపుతో నొక్కి పట్టడంలో ఉన్న గుట్టు ఏమిటో ఈ ఇనుప చిత్రికే బాగా తెలియజెప్పింది.

ఈనాటికీ వీటిని చేసేవాళ్ళున్నారు. అమెరికాలో ఆర్కన్సాలోని యురేకా స్ప్రింగ్స్‌లో లారీ విలియమ్స్, ఆయన సహచరులు 18వ శతాబ్దపు పద్ధతిలో చిత్రికలు చేసి ఈ విద్యకు మళ్ళీ ఊపిరి పోశారు. మాథ్యూ బిక్‌ఫర్డ్ 2012లో మోల్డింగ్ తీయడం మీద రాసిన పుస్తకం ఉబ్బు, గుంట జతల మీదే నడుస్తుంది. పాత ఇళ్ళను బాగుచేసేవాళ్ళకు ఇది సరదా వ్యవహారం కాదు. 1780లో తీసిన కిటికీ కమ్మి ఒకటి చీకిపోతే, మిగతా కమ్ముల పక్కన పెట్టాల్సిన కొత్తది అదే వంపులో ఉండాలి. తయారైన మోల్డింగ్‌లో అది దొరకదు. ఎందుకంటే ఒక్కో తయారీదారుడి వంపు ఇంకోడి వంపుకు వెంట్రుకవాసి తేడాగా ఉంటుంది. రౌటర్ యంత్రంతో తీస్తే దగ్గరి పోలిక వస్తుంది గాని, తిరిగే బ్లేడు వదిలిన సన్నని అలల్ని ఉప్పుకాగితంతో రుద్దాలి, రుద్దితే పదునైన మూలలు మొద్దుబారతాయి. చిత్రిక కోసిన చెక్కకు ఉప్పుకాగితం అక్కర్లేదు.

మనవాళ్ళు చాలామంది ఇప్పుడు పిల్లల దగ్గరకని అమెరికా వెళ్ళి నెలలు ఉండి వస్తున్నారు. మసాచుసెట్స్, పెన్సిల్వేనియా వైపు ఉంటే పాత సామాన్ల కొట్లలో ఓ మూల బుట్టలో ఇలాంటి కొయ్య దిమ్మెలు పడి ఉంటాయి. చేతికి దొరికితే బోర్లా తిప్పి, ఒక కన్ను మూసి, అడుగు పొడవునా చూడండి. మెలి తిరిగితే వదిలేయండి. బ్లేడు వంపు, అడుగు వంపు ఒకదానికొకటి పొసుగుతున్నాయా చూడండి. బ్లేడ్లు తారుమారైనవి చాలా ఉంటాయి. చీల పగలకుండా ఉండాలి. ఆ తర్వాత ముందు మొహం వెలుతురుకు పెట్టండి. పైన తయారీదారు ముద్ర, దాని చుట్టూ చిన్న అక్షరాల్లో రెండు మూడు వేరే పేర్లు కనిపించవచ్చు. అవి దాన్ని కొని వాడి, కొడుక్కో శిష్యుడికో ఇచ్చి పోయిన వడ్రంగులవి. పైనున్న పేరు పుస్తకంలో దొరికితే కొట్టువాడు ధర పెంచుతాడు, కింది పేర్లకు అదనంగా ఏమీ అడగడు. ఇంటికి తెచ్చాక వార్నిష్ మాత్రం పూయకండి. ముద్ర మీద ఉప్పుకాగితం అసలు పెట్టకండి. మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిచి, కాస్త లిన్సీడ్ నూనె పట్టించి, పైన్ ముక్క మీద అవతలి కొస నుంచి మొదలుపెట్టండి.